వరి మడిలోంచి పడవలోకి

1863 జూన్ 2, మంగళవారం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. అమెరికాలో దక్షిణ కెరొలైనా రాష్ట్రం, కంబీ నది తీరం. మ్యాపుల్లో ఆ నది పేరు కంబాహీ అని ఉంటుంది గాని అక్కడివాళ్ళ నోట అది కంబీయే. వరి మడుల్లో అప్పటికే జనం దిగారు. ఆడా మగా వరసలు కట్టి పారలతో కలుపు కొడుతున్నారు. గట్టు మీద మేస్త్రీ, మేస్త్రీ చేతిలో కొరడా. పొలం దొరది, పంట దొరది, పార దొరది. పార పట్టిన చెయ్యి కూడా దొరదే.

నది వంపులో పొగ లేచింది. ఆవిరి పడవలు. వాటి మీద ఫిరంగులు. ఫిరంగుల పక్కన నీలం యూనిఫారాలు. ఆ యూనిఫారాల్లో ఉన్నది నల్లవాళ్ళు!

దొర నిలబడి కేకలు పెట్టాడు. ఉత్తరాది యాంకీలు వచ్చారు, దొరికితే మిమ్మల్ని క్యూబా పట్టుకుపోయి అమ్మేస్తారు, అడవిలోకి పరిగెత్తి దాక్కోండి అని. అందరూ పారలు కింద పడేసి పరిగెత్తారు. అడవి వైపు కాదు, పడవల వైపు.

ఇది తరవాత చెప్పినవాడు మైనస్ హామిల్టన్ అనే పెద్దాయన. అప్పటికి ఆయనకు 88 ఏళ్ళు. భార్యను వెంటబెట్టుకుని, చిన్న మూట ఒకటి చేతబట్టి ఆయన కూడా పడవ దగ్గరికి నడిచాడు. దారిలో 10,000 బుషెళ్ళ వడ్లున్న గాదె భగ్గుమని మండుతోంది. ఆ వడ్లు పండించింది ఆయనా, ఆయనలాంటివాళ్ళూ. అయినా ఒక్క క్షణం కూడా ఆగి చూడబుద్ధి కాలేదట. ఆయనకు బాగా గుర్తుండిపోయింది ఆ నల్ల సిపాయిల నడక. తల ఎత్తుకుని, ఎవరి అనుమతీ అక్కర్లేదన్నట్టు తిన్నగా ఒడ్డెక్కి వచ్చేశారని చెప్పాడు. 88 ఏళ్ళలో అలా నడిచిన నల్లవాణ్ణి ఆయన చూసి ఉండడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చట్టం ప్రకారం చూస్తే ఆ పొద్దున కలుపు కొడుతున్నవాళ్ళలో ఒక్కరు కూడా బానిస కాదు. అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేసిన విముక్తి ప్రకటన ఆ ఏడాది జనవరి 1 నుంచే అమల్లో ఉంది. ఉత్తరాదితో అంతర్యుద్ధం చేస్తున్న తిరుగుబాటు ప్రాంతాల్లో బానిసలందరూ ఆ రోజు నుంచి స్వేచ్ఛాజీవులు. అయిదు నెలలు గడిచాయి. వాషింగ్టన్‌లో రాసిన ఆ కాగితం కంబీ గట్టు దాకా తనంతట తాను నడిచి రాలేదు. దాన్ని తీసుకొచ్చింది రెండు పడవలు, మూడు వందల మంది సిపాయిలు, చదవడం రాయడం రాని ఒక నల్ల స్త్రీ. ఆమె పేరు హ్యారియట్ టబ్‌మన్.

*

ఆమె మేరీల్యాండ్ రాష్ట్రంలో బానిసగా పుట్టింది. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. 1820, 1822 మధ్య అని చరిత్రకారుల అంచనా. పసితనంలోనే అద్దెకు పంపించారు. నడుములోతు చిత్తడి నీళ్ళలో దిగి నీటి ఎలుకల బోనులు చూసి రావడం ఆమె పని. ఒంటి మీద తట్టు పోసి ఉన్నా పంపించారు. పదమూడేళ్ళ వయసు అటూ ఇటూగా ఉండగా ఒక కొట్టు దగ్గర పారిపోతున్న బానిస మీదికి మేస్త్రీ విసిరిన తూకం రాయి గురితప్పి ఈమె తలకు తగిలింది. ఆ దెబ్బతో జీవితాంతం ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే జబ్బు పట్టుకుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో కళ్ళు మూతపడేవి. కాసేపటికి మెలకువ వచ్చి వదిలిన చోటు నుంచే మాట అందుకునేది.

1849లో పారిపోయింది. అక్కడితో ఆగి ఉంటే పారిపోయిన వేలమందిలో ఒకరు అయ్యేది. మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళింది. సుమారు 13 సార్లు వెళ్ళి 70 మంది దాకా తన తోబుట్టువులనీ, తల్లిదండ్రులనీ, తెలిసినవాళ్ళనీ రాత్రుళ్ళు నడిపించుకుని బయటికి తెచ్చింది. మూడు వందల మందిని తెచ్చిందని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. అది అభిమానులు పెంచిన లెక్క. డెబ్బయి చాలదా? దొరికితే ఒక్కసారికే ప్రాణం పోయే పని అది. జనం ఆమెను మోషే అని పిలిచారు. ఫరో చెరలోంచి జనాన్ని నడిపించుకుపోయిన మోషే పేరు పెట్టడంలో వాళ్ళ ఆశంతా ఉంది.

బానిసత్వం పోవాలని ఆ రోజుల్లో ఉత్తర రాష్ట్రాల్లో చాలామంది ఉపన్యాసాలు ఇచ్చేవారు, పత్రికలు నడిపేవారు, విరాళాలు పోగుచేసేవారు. అందులో పెద్ద భాగం శాంతివాదులు. దొర మనసు మారితే బానిస సంకెల ఊడుతుందని నమ్మినవాళ్ళు. అది మాటలతో తేలే వ్యవహారం కాదని ముందే తేల్చుకున్న కొద్దిమందిలో జాన్ బ్రౌన్ ఒకడు. 1858లో కెనడా వెళ్ళి హ్యారియట్‌ను కలిశాడు. జనరల్ అని పిలిచాడు. సరదాకి కాదు, ఆ మాట అంటే అతడి లెక్కలో సేనాని అనే. 1859 అక్టోబరులో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద పడి పట్టుబడ్డాడు. డిసెంబరు 2న ఉరి తీశారు.

బ్రౌన్‌కు రహస్యంగా డబ్బు సర్దిన ఆరుగురిలో కొందరు అతడు పట్టుబడ్డ కబురు తెలియగానే సరిహద్దు దాటారు. దాటనివాడు థామస్ వెంట్‌వర్త్ హిగిన్‌సన్. మసాచుసెట్స్ పాదిరి, రచయిత. కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్ తన కవితలు ఎలా ఉన్నాయో చెప్పమని ఉత్తరం రాసింది ఈయనకే. బ్రౌన్ అనుచరులు ఇద్దరు ఇంకా జైల్లో ఉంటే వాళ్ళను విడిపించాలని మంతనాలు చేశాడు. ఆ పనికి కాన్సస్ నుంచి మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చినవాడు జేమ్స్ మాంట్‌గమరీ. ఈయనా మతబోధకుడే. కాన్సస్ సరిహద్దులో బానిస యజమానులతో ఏళ్ళ తరబడి తుపాకులతో తలపడినవాడు. మంచు ఎక్కువగా ఉండి ఆ పథకం సాగలేదు.

మూడేళ్ళు తిరిగేసరికి హ్యారియట్, హిగిన్‌సన్, మాంట్‌గమరీ ముగ్గురూ ఒకే చోట తేలారు. దక్షిణ కెరొలైనా, బ్యూఫర్ట్.

*

1861 నవంబరు 7న ఉత్తరాది నౌకాదళం పోర్ట్ రాయల్ రేవును పట్టుకుంది. ఫిరంగుల మోత వినగానే దొరలు ఇళ్ళూ తోటలూ వదిలేసి పారిపోయారు. సుమారు 10,000 మంది బానిసలు అక్కడే ఉండిపోయారు. వాళ్ళను ఏమనాలో కూడా ప్రభుత్వానికి తేలలేదు. బానిసలా? పౌరులా? శత్రువు నుంచి పట్టుకున్న సరుకు అన్న పేరే కొన్నాళ్ళు నడిచింది.

1862లో మసాచుసెట్స్ గవర్నర్ పంపగా హ్యారియట్ అక్కడికి వచ్చింది. పగలు ఆసుపత్రిలో పని. పుండ్లు కడగడం, జిగట విరేచనాలతో పడిపోయినవాళ్ళకు వేళ్ళు ఉడకబెట్టి కషాయం కాచి పట్టడం. మొదట్లో సైన్యం రేషను ఇచ్చేది. అది చూసి మిగతా నల్లవాళ్ళు ఆమెకేదో హోదా ఉందనుకున్నారు. వాళ్ళ చూపు పసిగట్టి రేషను మానేసింది. మరి తిండి? రాత్రి ఇంటికి వచ్చి పిండి కలిపి యాభై దాకా పైలు, అల్లం రొట్టెలు, రెండు పీపాల రూట్ బీరు తయారుచేసేది. తెల్లారాక ఇంకొకరితో వాటిని సైనిక శిబిరాల్లో అమ్మించేది. సర్కారు మూడేళ్ళలో ఆమె చేతికిచ్చినదంతా కలిపి 200 డాలర్లే. అందులోంచి కూడా తీసి ఆడవాళ్ళకు బట్టలు ఉతికే చావడి కట్టించింది, సిపాయిల బట్టలు ఉతికి నాలుగు డబ్బులు సంపాదించుకుంటారని.

మొదట్లో ఆమె మాట అక్కడివాళ్ళకు అర్థమయ్యేది కాదు, వాళ్ళ మాట ఆమెకు అందేది కాదు. ఆ తీరంలో నల్లవాళ్ళది గల్లా భాష, ఆఫ్రికా నుడికారం కలిసినది. తను నోరు తెరిస్తే నవ్వేవారని ఆమే చెప్పుకుంది. అయినా ఆ ఏడాదిలోపే వాళ్ళలోంచి నమ్మకమైన పడవవాళ్ళనీ, దారులు ఎరిగినవాళ్ళనీ ఏరి ఒక వేగుల దళం కూర్చుకుంది. పట్టుమని పదిమంది లేరు. ఏ పాయ ఎక్కడ మలుపు తిరుగుతుందో, పోటు ఎప్పుడు వస్తుందో, ఏ దొర ఇంట్లో ఎంతమంది సిపాయిలున్నారో వాళ్ళకు తెలుసు.

ఈ లోగా నల్లవాళ్ళకు తుపాకులు ఇవ్వాలా వద్దా అని ఉత్తరాదిలో గొడవ. చివరికి హిగిన్‌సన్ 1862 నవంబరులో మొదటి దక్షిణ కెరొలైనా దళానికి కల్నల్‌గా వచ్చాడు. విడుదలైన బానిసలే అందులో సిపాయిలు. 1863 మొదట్లో మాంట్‌గమరీ రెండో దళం కూర్చాడు. అవతలి పక్షం ఊరుకోలేదు. నల్ల సిపాయిలను నడిపించే తెల్ల అధికారి పట్టుబడితే ఉరిశిక్ష దాకా వేయవచ్చని దక్షిణాది కాంగ్రెస్ 1863 మేలో తీర్మానించింది. పట్టుబడిన నల్ల సిపాయికి యుద్ధఖైదీ మర్యాద కూడా లేదు, మళ్ళీ బానిసత్వమో చావో. ఆ రోజుల్లో ఈ దళాల్లో చేరిన ప్రతివాడూ ఈ సంగతి తెలిసే చేరాడు.

*

ఉత్తరాది జనరల్ డేవిడ్ హంటర్ హ్యారియట్‌ను పిలిపించి అడిగాడు. కంబీ నదిలోకి గన్‌బోట్లు పంపాలి. నదిలో శత్రువు దింపిన మందుపాతరలున్నాయి, అవి తీయాలి. వంతెన తగలబెట్టాలి, సరఫరాలు తెగ్గొట్టాలి. వెళతావా అని. దళం మాంట్‌గమరీ చేతికిస్తే వెళతానంది. సైన్యంలో ఏ హోదా లేని స్త్రీ జనరల్‌కు షరతు పెట్టింది, జనరల్ ఒప్పుకున్నాడు. మాంట్‌గమరీయే ఎందుకు? అతడు జాన్ బ్రౌన్ మనిషి. వెనక్కి తగ్గడని ఆమె నమ్మకం.

జూన్ నెల ఎంచుకోవడంలోనూ లెక్క ఉంది. ఎండలు ముదిరాక ఆ వరి భూముల్లో దోమలు, మలేరియా. తెల్ల దొరలు చాలామంది ఎత్తు ప్రదేశాలకు తరలిపోయేవారు. దక్షిణాది సైన్యం కూడా నది ఒడ్డున కొద్దిమంది కాపలావాళ్ళను వదిలి మిగతావాళ్ళను లోపలికి తీసుకుపోయింది. ఈ కబురు బ్యూఫర్ట్‌కు చేర్చింది ఆ పొలాల్లోంచి పారిపోయి వచ్చిన బానిసలు. మందుపాతరలు ఎక్కడ ఉన్నాయో చెప్పిందీ వాళ్ళే. వాటిని నీళ్ళలో దింపడానికి దొరలు వాడుకున్న చేతులు ఎవరివి మరి?

జూన్ 1 రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో బ్యూఫర్ట్ నుంచి మూడు పడవలు కదిలాయి. జాన్ ఆడమ్స్, హ్యారియట్ ఎ వీడ్, సెంటినల్. జాన్ ఆడమ్స్ ఒకప్పుడు బోస్టన్ రేవులో జనాన్ని అటూ ఇటూ దాటించిన బల్లకట్టు పడవ. ఫిరంగులు బిగించి యుద్ధానికి తెచ్చారు. రెండో దళం సిపాయిలు, రోడ్ ఐలండ్ ఫిరంగి దళం వాళ్ళు కొందరు కలిసి మూడు వందల మంది. హ్యారియట్ మాంట్‌గమరీతోపాటు ముందు పడవలో ఉంది. పున్నమి వెన్నెల. దారి కనబడడానికి అది వరం, పడవ కనబడిపోవడానికి అదే శాపం. నది నోటి దాకా చేరకముందే సెంటినల్ ఇసుక మేటలో కూరుకుపోయింది. దాన్ని వదిలేసి సిపాయిలను మిగతా రెండింటిలోకి ఎక్కించారు.

చీకటి ఉండగానే కంబీలోకి దూరారు. ఫీల్డ్స్ పాయింట్ అనే చోట కొంతమంది దిగారు. అక్కడి కాపలావాళ్ళు ఒక్క తుపాకీ పేల్చకుండా గుర్రాలెక్కి కబురు చెప్పడానికి పరుగెత్తారు. ఇంకాస్త ఎగువన టార్ బ్లఫ్ దగ్గర మరికొంతమంది దిగి దారి కాచారు. జాన్ ఆడమ్స్ మందుపాతరల మధ్య ఒడుపుగా తిరుగుతూ కంబీ ఫెర్రీ దాకా వెళ్ళింది. అక్కడి పడవల వంతెనకు నిప్పు పెట్టారు. రెండు ఒడ్డుల్లోనూ హేవర్డ్, లౌండెస్, మిడిల్టన్, నికొల్స్ కుటుంబాల ఎస్టేట్లు. సిపాయిలు ఇళ్ళకు, మిల్లులకు, గాదెలకు నిప్పంటించారు. తూములు తెరిచి, నిలబడ్డ పైరును ముంచేశారు.

వరి పండించే నేల మీద పుట్టినవాళ్ళకు ఈ మాట చదవగానే ప్రాణం చివుక్కుమంటుంది. ఆ తూములూ గట్లూ మామూలువి కావు. సముద్రపు పోటుకు నది నీళ్ళు ఎగదన్నితే మడిలోకి పట్టడం, పాటుకు వదలడం, ఉప్పునీరు రాకుండా కాపాడడం. పశ్చిమాఫ్రికాలో వరి పండించిన జాతుల నైపుణ్యం కూడా అందులో ఉందని చరిత్రకారులు చెబుతారు. తాతముత్తాతలు మోకాలిలోతు బురదలో చచ్చి కట్టిన గట్లను మనవలే తెంచారు. పడవల్లో వచ్చిన సిపాయిల్లో చాలామంది నిన్నటి దాకా ఇలాంటి మడుల్లో కలుపు కొట్టినవాళ్ళు.

*

ఇక ఒడ్డున చూడాలి. మేస్త్రీలు కొరడాలు ఝళిపిస్తూ జనాన్ని గుడిసెల వైపు తోలబోయారు. వినేవాళ్ళు ఎవరు? అన్ని వైపుల నుంచీ పరుగు. అలాంటి దృశ్యం ఎన్నడూ చూడలేదని హ్యారియట్ ముసలితనంలో కూడా నవ్వుతూ చెప్పేది. ఒక తల్లి పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం కుండ అలాగే నెత్తికెత్తుకుని వచ్చేసింది, పొగలు కక్కుతూనే ఉంది. వీపున ఒక పిల్లాడు. ఒక చేత్తో తల్లి నుదురు గట్టిగా పట్టుకున్నాడు, రెండో చెయ్యి కుండలో పెట్టి అన్నం తీసుకుని తింటున్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆమె గౌను పట్టుకుని వేలాడుతున్నారు. చంకలో సంచి, సంచిలో పంది. ఇలా పందులూ కోళ్ళూ పిల్లలూ కలిసి ఒకటే అరుపులు. ఒక పంది తెల్లది, ఒకటి నల్లది. పడవలో వాళ్ళు తెల్లదానికి దక్షిణాది సేనాని బ్యూరెగార్డ్ పేరు, నల్లదానికి దక్షిణాది అధ్యక్షుడు జెఫ్ డేవిస్ పేరు పెట్టుకున్నారు.

ఒడ్డు నుంచి పెద్ద పడవలకు చేర్చడానికి ఉన్నవి చిన్న తెడ్ల పడవలు. ఒక విడత నిండాక కూడా మిగతావాళ్ళు అంచులు వదల్లేదు. మళ్ళీ వస్తారో రారో! వదిలించుకోవడానికి తెడ్లతో చేతుల మీద కొట్టినా వదల్లేదు. పై అంతస్తు నుంచి చూస్తున్న మాంట్‌గమరీ గొంతెత్తి హ్యారియట్‌ను కేకేశాడు, మోషే, వీళ్ళకు నువ్వే ఏదైనా పాట పాడాలి అని. ఆమె అందుకుంది. ఆమె గొంతు పెద్దది. ఒక్కో చరణం ముగిసినప్పుడల్లా జనం చేతులు పైకెత్తి కేకలు పెట్టారు. అంచులు వదిలారు. ఆ సందులో తెడ్లవాళ్ళు పడవలు లాగేశారు. తుపాకులతో తీరని చిక్కు అది. ఆ చిక్కు తీర్చినవాళ్ళ పేరు సైనిక నివేదికల్లో ఏ గడిలో రాయాలి?

ఆమె కూడా పరుగెత్తింది. పసిబిడ్డను ఎత్తుకున్న ఒక జబ్బు మనిషి దగ్గర రెండు పందులుంటే, అవి తాను మోసుకుంటానని చెరో చేతా పట్టుకుంది. ఇంతలో పరుగెత్తండని ఆజ్ఞ. పొడుగు గౌను కాలి కింద పడి బోర్లా పడింది. పడవ ఎక్కేసరికి గౌను పీలికలు. ఇంకెప్పుడూ దండయాత్రకు పొడుగు గౌను వేసుకోనని ఒట్టు పెట్టుకుని, ఆడవాళ్ళు లాగూలా తొడుక్కునే బ్లూమర్ ఒకటి పంపమని ఆ నెలాఖరున బోస్టన్ స్నేహితులకు ఉత్తరం చెప్పి రాయించింది. ఆ ఉత్తరంలోనే ఇంకో చురక ఉంది. శత్రువు దగ్గర నుంచి ఎంతో విలువైన 756 తలల పశుసంపద పట్టుకొచ్చామంది. దొరల జమాఖర్చు పుస్తకాల్లో మనుషుల్ని లెక్కపెట్టే పద్ధతి అదే మరి.

దక్షిణాది సిపాయిలు వచ్చేసరికి ఆలస్యమైంది. కొద్దిసేపు కాల్పులు జరిగాయి. గన్‌బోట్ల ఫిరంగులు మోగేసరికి వెనక్కి తగ్గారు. ఉత్తరాది సిపాయి ఒక్కడు కూడా చావలేదు. తెగ్గొట్టాలనుకున్న రైలుమార్గం దాకా మాత్రం వెళ్ళలేకపోయారు. పడవలు బ్యూఫర్ట్ చేరాక అందర్నీ ఒక చర్చిలోకి చేర్చారు. మాంట్‌గమరీ మాట్లాడాడు, తరవాత హ్యారియట్ మాట్లాడింది. వచ్చిన మగవాళ్ళలో 150 మంది దాకా రెండో దళంలో చేరిపోయారు. మంగళవారం పొద్దున పార పట్టిన చేతులు ఆ వెంటనే తుపాకీ పట్టాయి.

*

నడిపించింది ఎవరు అనే తగువు చరిత్రకారుల్లో ఇప్పటికీ ఉంది. ఆజ్ఞలిచ్చింది మాంట్‌గమరీయే, ఆమె వేగు మాత్రమే అని కొందరు. కానీ ఆ నెలలోనే విస్కాన్సిన్ పత్రిక ఒకటి పేరు చెప్పకుండా నల్ల మోషే నడిపిందని రాసింది. జూలైలో బోస్టన్ కామన్‌వెల్త్ పేరు పెట్టి రాసింది. నా వరకు ఆ తగువులో పస లేదు. రాత్రిపూట, మందుపాతరలున్న నదిలో, దారి తెలిసినవాళ్ళు చెప్పినట్టే పడవ నడుస్తుంది, భుజం మీద ఎన్ని పట్టీలున్నా.

మాంట్‌గమరీ గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. కంబీ నుంచి వచ్చిన తొమ్మిది రోజులకు, జూన్ 11న, జార్జియాలో డేరియన్ అనే ఊరిని తగలబెట్టించాడు. ఎదిరించేవాడు లేని ఊరు. అప్పుడు అతడి వెంట ఉన్న 54వ మసాచుసెట్స్ నల్ల దళం కల్నల్ రాబర్ట్ గౌల్డ్ షా అసహ్యించుకున్నాడు, ఇంటికి రాసిన ఉత్తరాల్లో చెప్పుకున్నాడు. హిగిన్‌సన్‌కూ ఆ పద్ధతి నచ్చలేదు. గాదె తగలబెట్టడం వేరు, దాని వడ్లు శత్రు సైన్యానికి కూడు. ఊరు తగలబెట్టడం వేరు. దక్షిణాదివాళ్ళకు ఇది నిజమైన యుద్ధమని తెలిసిరావాలని మాంట్‌గమరీ వాదన. ధర్మపక్షాన నిలిచినవాడి చేతిలో అగ్గిపుల్ల ఉన్నా అది అగ్గిపుల్లే. షా ఆ జూలై 18న ఫోర్ట్ వాగ్నర్ మీద దాడిలో చనిపోయాడు. దక్షిణాదివాళ్ళు అతణ్ణి అతడి నల్ల సిపాయిలతోపాటు ఒకే గుంటలో పూడ్చారు, అవమానించామనుకుని. తండ్రి మాత్రం కొడుకును అక్కడి నుంచి తీయవద్దన్నాడు.

జీతాల కథ ఇంకా చేదు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి 10, అందులో మూడు బట్టలకని కోత. 54వ దళం ఏడాదిన్నర పాటు జీతమే ముట్టలేదు. 1864 జూన్‌లో కాంగ్రెస్ సమానం చేసింది గాని, యుద్ధం మొదలయ్యే నాటికే స్వేచ్ఛగా ఉన్నవాళ్ళకు మాత్రమే పాత బాకీ మొత్తం ఇస్తామంది. అంటే కంబీ మడుల నుంచి వచ్చినవాళ్ళకు లేదు. బానిసగా ఉన్నావు కాబట్టి నీకు తక్కువ అని, బానిసత్వం మీద యుద్ధం చేస్తున్న ప్రభుత్వమే చెప్పింది! హిగిన్‌సన్ పత్రికలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఆ తేడా తీరడానికి 1865 మార్చి దాకా పట్టింది.

హ్యారియట్‌కు ఆ పాటి కూడా జరగలేదు. 1865 అక్టోబరులో సైనిక పాసు చేతపట్టుకుని రైల్లో ఇంటికి వస్తుంటే కండక్టరు ఆమెను సీట్లోంచి లేవమన్నాడు. లేవలేదు. నలుగురు కలిసి ఈడ్చి సామాన్ల పెట్టెలో పడేశారు, చెయ్యి విరిగింది. యుద్ధంలో చేసిన సేవకు 1,800 డాలర్లు బాకీ ఉందని పెట్టుకున్న అర్జీ ఎప్పటికీ తీరలేదు. సైనికుడి వితంతువుగా నెలకు 8 డాలర్లు ఇచ్చారు. ఆమె రెండో భర్త నెల్సన్ డేవిస్ నల్ల దళంలో పనిచేసినవాడు లెండి. 1899లో నర్సుగా చేసిన సేవను లెక్కలోకి తీసుకుని దాన్ని 20 చేశారు. వితంతువు ఉంది, నర్సు ఉంది, కంబీ నదిలో దారి చూపిన మనిషి మాత్రం ఆ లెక్కలో లేదు. 1913 మార్చి 10న న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో చనిపోయింది.

విచిత్రం ఏమిటంటే ఆమె పనికి మొదటి యోగ్యతాపత్రం ఇచ్చింది శత్రువు. దాడి తరవాత దక్షిణాది సైన్యం తరపున విచారణ జరిపిన కెప్టెన్ జాన్ లే తన నివేదికలో ఒప్పుకున్నాడు, వచ్చినవాళ్ళకు మన బలం ఎంతో ముందే తెలుసు, నదినీ నేలనూ క్షుణ్ణంగా ఎరిగినవాళ్ళు వాళ్ళకు దారి చూపారు అని. ఆ ఎరిగినవాళ్ళు తమ పొలాల్లో తాము కట్టేసి ఉంచినవాళ్ళేనని అతడికి తోచిందో లేదో.

ఆ 756 మంది ఎవరు, ఏమయ్యారు అన్నది మొన్న మొన్నటి దాకా పెద్దగా ఎవరూ వెతకలేదు. ఎడ్డా ఫీల్డ్స్-బ్లాక్ అనే చరిత్రకారిణి పాత పెన్షన్ కాగితాలు తిరగేసి, సాక్ష్యం చెప్పిన ఇరుగుపొరుగుల మాటలు కలుపుకుంటూ పేర్లు పట్టుకుంది. ఆ దాడిలో తుపాకీ పట్టిన హెక్టర్ ఫీల్డ్స్ ఆమె పూర్వీకుడు. ఆ పుస్తకం పేరు కంబీ, 2025లో చరిత్ర విభాగంలో పులిట్జర్ బహుమతి పంచుకుంది. అంతకు ముందు ఏడాది, 2024 నవంబరు 11న, మేరీల్యాండ్ రాష్ట్రం హ్యారియట్‌కు మరణానంతరం తన నేషనల్ గార్డులో బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చింది. జాన్ బ్రౌన్ జనరల్ అని పిలిచిన 166 ఏళ్ళకు.

ఛార్లెస్టన్ నుంచి బ్యూఫర్ట్ వైపు యూఎస్ 17 రోడ్డు మీద కంబీ నది దాటే వంతెనకు ఇప్పుడు హ్యారియట్ టబ్‌మన్ పేరు ఉంది. ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఇవాళ మన తెలుగు పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేసుకుంటున్నారు, సెలవు దొరికితే సముద్రపు ఒడ్డుకు ఆ దారినే వెళుతుంటారు. మీ వాళ్ళు ఎవరైనా ఉంటే ఒక మాట చెప్పండి, వంతెన దగ్గర కారు ఆపి రెండు పక్కలా చూడమని. పాత వరి మడుల గట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.